మెట్టు

వరహాలు లెక్కలో ఆ గురువారం పొద్దున్న అతను పెళ్ళాన్ని కొట్టనేలేదు. చెయ్యి విసిరాడు, అంతే. విసిరిన చేతిలో స్టీలు క్యారియర్ ఉంది. అది వెళ్ళి సాయిదుర్గ ఎడమ భుజానికి తగిలి, అక్కణ్ణుంచి గోడకి కొట్టుకుని, చారంతా సున్నం మీద చిమ్మింది. ఇందులో తన తప్పేముంది? నిన్న సంచిలో చారు ఒలికిందని, మూత బిగించడం చేతకాదా అని అడగడం కూడా తప్పేనా? భుజం అడ్డం పెట్టింది ఎవరు?

వరహాలు కోపిష్టి మనిషి అంటారు పద్మారావు నగర్‌లో వాళ్ళ వీధివాళ్ళు. కోపమే గానీ మనసు వెన్న అని కూడా అంటారు. వాళ్ళదేం పోయింది, ఎన్నైనా అంటారు. నిజంగా కోపిష్టివాడైతే బస్సులో కాలు తొక్కినవాడి మీద కూడా ఆ కోపం రావాలి కదా! గల్లీలో బండి అడ్డం పెట్టి ఎదురు తిట్టినవాడి మీదా రావాలి. ఊహూఁ. అక్కడ "పర్లేదండి, పర్లేదండి" అనుకుంటూ పక్కకి తప్పుకుంటాడు. ఆ కోపానికి తెలిసిన అడ్రసు ఇల్లొక్కటే.

సాయిదుర్గ ఎడమ చెయ్యి పైకి లేవకపోతే కుడి చేత్తోనే గోడ తుడిచింది. అన్నం గిన్నె అంచు సొట్టపోతే దాన్ని బోర్లించి గచ్చు మీద రెండుసార్లు కొట్టి చూసింది. అతను చెప్పులేసుకుంటుంటే, "మజ్జాన్నం ఏటి తింటారు?" అని మాత్రం అడిగింది. అతను గేటు ధడాలుమని వేసి వెళ్ళిపోయాడు.

రాంగోపాల్‌పేట్‌లో పంపుల సామాన్లు, నట్లూ బోల్టులూ అమ్మే దుకాణాల మధ్య ఉంటుంది రాఘవేందర్ దుకాణం. బోర్డు మీద త్రీడీ ప్రింటింగ్ అని రాసి ఉంటుంది. కంప్యూటర్‌లోంచి వస్తువు ఆకారం ఇస్తే మెషీను పాకం లాంటి ప్లాస్టిక్‌ని పొర మీద పొరగా గట్టిపరుస్తూ ఆ వస్తువునే చేసి పెడుతుంది. విరిగిన పంపు రెక్కలు, బిల్డర్లకి ఇళ్ళ నమూనాలు, అప్పుడప్పుడూ డాక్టర్లకి ఎముకలు. మెషీన్లోంచి వచ్చినదాన్ని చూడదగ్గట్టు చేసేది వరహాలు. ఇరవై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేసిన చెయ్యి అతనిది. ఎక్కడైనా గరుకు తగిలితే ఆ చెయ్యి ఊరుకోదు.

ఆ రోజు ట్రేలో పుర్రె ఉంది. తెల్లగా, తలకిందులుగా, మెషీను ఆసరా కోసం వేసిన సన్నటి ఊచల మీద నిలబడి ఉంది.

"అన్నా, గిది మర్డర్ కేసుది," అన్నాడు రాఘవేందర్ చాయ్ గ్లాసు పట్టుకుని. "డాక్టర్ జెనిఫర్ మేడం పంపింది. సోమవారం కోర్టుల జడ్జి సాబ్ ముంగట పెడ్తదట. ఊచలు కత్తిరించు, కడుగు, గంతే. ఇంకేం ముట్టొద్దన్నది."

ఆ "గంతే" వరహాలు చెవిదాకా వచ్చింది గానీ చేతిదాకా దిగలేదు.

ఊచలు ఒక్కొక్కటీ కట్టరుతో కత్తిరించాడు. స్పిరిట్‌లో కడిగి, లైటు పెట్టెలో పెట్టి గట్టిపరిచాడు. బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంటే అరచేతుల్లో సరిగ్గా పట్టింది. ఆడమనిషి తల, చిన్నది. వెనక వైపు మాత్రం నాలుగు వేళ్ళు దిగేంత గుంట. ఉడకేసిన గుడ్డు పెంకుని వేలితో నొక్కితే పగిలినట్టు, ఎముక ముక్కలు ముక్కలై లోపలికి దిగబడి ఉంది. పగుళ్ళు అక్కణ్ణుంచి రెండు చెవుల దాకా పాకాయి. వరహాలు ఆ పగుళ్ళని సన్న బ్రష్షుతో శుభ్రం చేశాడు. దెబ్బని దెబ్బగా గుర్తుపట్టలేనంత అమాయకుడేం కాదు. ఆ గుంట జోలికి పోలేదు.

ముందు వైపు తిప్పితే ఎడమ చెంప ఎముక మీద గోరు ఆగింది. చిన్న మెట్టు. ఎముక ఒకచోట కిందికి జారి, మళ్ళీ మొదలైనట్టు. అదే పక్క కింద దవడ మీద కూడా అలాంటిదే, ఒక బుడిపె.

ఇది అతనికి బాగా తెలిసిన జబ్బే. మెషీను నడుస్తుండగా ఒక్కోసారి పొర పక్కకి జరుగుతుంది. దుకాణంలో దాన్ని మెట్టు అంటారు. పంపు రెక్క మీద మెట్టు పడితే పార్టీ తిరగ్గొడతాడు. కట్టుడు పంటి మీద మెట్టు ఉంటే నాలుక పుండవుతుంది. అలాంటిది జడ్జిగారి ముందుకి వెళ్ళే వస్తువు మీద మెట్టా!

ఆకురాయితో నెమ్మదిగా అరగదీశాడు. పల్లంగా ఉన్నచోట పుట్టీ నింపాడు. గరుకు కాగితం, ఆ తర్వాత సన్న కాగితం, చివరికి తడిపి రుద్దే నీళ్ళ కాగితం. గంటన్నర పట్టింది. అయ్యాక కళ్ళు మూసుకుని బొటనవేలితో రెండు చెంపలూ తడిమి చూసుకున్నాడు. ఏది కుడో ఏది ఎడమో తెలియడం లేదు. పొద్దున్నించీ మొదటిసారి అతని మనసు కుదుటపడింది. అంత బాగా చేశాడు.

డాక్టర్ జెనిఫర్ నాలుగింటికి వచ్చింది. యాభై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. చనిపోయినవాళ్ళ ఒళ్ళు చూసి ఎలా చనిపోయారో చెప్పడమే ఆవిడ ఉద్యోగం. పుర్రెని చేతుల్లోకి తీసుకుని వెనక గుంట చూసింది, తలూపింది. ముందుకి తిప్పింది. ఎడమ చెంప మీద ఆవిడ గోరు ముందుకీ వెనక్కీ రెండుసార్లు నడిచింది.

"ఇక్కడున్నది ఏమైంది?"

"మెట్టు పడిందండి. తీసీసినాను," అన్నాడు వరహాలు. అన్నది కూడా మామూలుగా కాదు, మెచ్చుకోలు వస్తుందని నవ్వుతూ అన్నాడు.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎవరు తీయమన్నారు మిమ్మల్ని?"

రాఘవేందర్ మధ్యలో వచ్చాడు. "మేడం, జెర పొరపాటైంది. అన్నకు నీట్‌గ చేసే అలవాటు…"

"ఈమె పేరు కల్పలత," అంది జెనిఫర్, రాఘవేందర్ వైపు చూడకుండానే. "ముప్పై ఒకటి. సైనిక్‌పురి. మెట్ల మీంచి పడింది అన్నాడు మొగుడు, కిషన్. తల వెనక దెబ్బ మెట్టు అంచు తగిలినా అవుతుంది, ఇనపరాడ్డు తగిలినా అవుతుంది. లాయర్లు దాని మీద ఏడాదైనా కొట్టుకుంటారు. కానీ నేనెప్పుడూ నా పెళ్ళాం మీద చెయ్యెత్తలేదు అని రాసిచ్చాడు వాడు. ఆ మాట అబద్ధమని చెప్పేవి రెండే ఉన్నాయి. చెంప, దవడ. విరిగి, ఏ డాక్టరుకీ చూపించకుండా, వాటంతట అవే వంకరగా అతుక్కున్నాయి. ఒక్కసారి విరిగినవి కూడా కాదు, వేర్వేరు ఏళ్ళలో. రెండు రోజులు ఆసుపత్రిలో బతికింది కాబట్టి స్కాన్ ఉంది. మనిషిని కాల్చేశారు. ఇక ఆమె దగ్గర మిగిలిన సాక్ష్యం ఇదే."

పుర్రెని బల్ల మీద పెట్టింది.

"ఆ రెండూ మీరు ఒక్క పూటలో చెరిపేశారు. పైగా నున్నగా పాలిష్ చేశారు."

"మెషీను తప్పనుకున్నానండి," అన్నాడు వరహాలు.

"రేపు కోర్టులో వాళ్ళ లాయరు కూడా అదే అంటాడు." ఆవిడ లేచి అతని ఎదురుగా నిలబడింది. కుడి చెయ్యి ఎత్తి అతని ఎడమ చెంప దగ్గరికి తెచ్చి గాలిలో ఆపింది. "ఎదురుగా నిలబడ్డవాడు కుడి చేత్తో కొడితే పడేది ఇక్కడ. మెట్ల మీంచి పడ్డవాళ్ళకి చేతులు విరుగుతాయి, మోకాళ్ళు పగుల్తాయి. ఏళ్ళ తేడాతో రెండుసార్లూ ఎడమ పక్కే విరగదు."

ఆ చెయ్యి తగల్లేదు. అయినా వరహాలు మెడ వెనక్కి పోయింది.

"మళ్ళీ ప్రింట్ చేయండి," అంది ఆవిడ రాఘవేందర్‌తో. "ఈసారి తలని పక్కకి పడుకోబెట్టి చేయండి. మెషీను తప్పయితే మెట్టు చోటు మారుతుంది. ఎముకదైతే ఉన్నచోటే ఉంటుంది. దీన్ని కూడా పారేయొద్దు. రెండూ కోర్టుకి వస్తాయి. చేసినాయన కూడా వచ్చి ఎలా చేశారో చెప్పాలి."

శుక్రవారం పదకొండింటికి రెండో పుర్రె బయటికి వచ్చింది. ఈసారి ఊచలు చెవి పక్కనుంచి ఉన్నాయి. జెనిఫర్ ముందే వచ్చి కూర్చుంది. వరహాలు ఊచలు కత్తిరిస్తుంటే కళ్ళార్పకుండా అతని చేతుల్నే చూసింది. కడిగి, గట్టిపరిచి, తుడవకుండా ఆవిడకే ఇవ్వబోయాడు.

"మీరే చూడండి," అంది.

బొటనవేలు పెట్టి చూశాడు. చెంప మీద మెట్టు అక్కడే ఉంది. దవడ మీద బుడిపె కూడా అక్కడే. పొరలన్నీ ఈసారి అడ్డంగా కాక నిలువుగా వచ్చాయి, అయినా అది జరగలేదు. మెషీను తప్పయితే ఇలా ఉండదు. ఏ కాగితమూ, ఏ స్కానూ అక్కర్లేకుండా వరహాలుకి తన పని మీద ఉన్న తెలివితోనే అర్థమైపోయింది. నిన్న తను పుట్టీ పెట్టి పూడ్చింది ఒక మనిషి తిన్న దెబ్బని.

అంతలో సాయిదుర్గ వచ్చింది, క్యారియర్ పట్టుకుని. నిన్న అతను బయట బండి దగ్గర ఏదో తిని పడ్డ కడుపునొప్పి ఆమెకి తెలుసు. సొట్టపోయిన గిన్నె మీద మూత నిలవక పైన గుడ్డ చుట్టి దారం కట్టింది. దుకాణంలో కొత్త మనిషి ఉండడం చూసి గుమ్మంలోనే ఆగింది.

"రా వదినా, లోపలికి రా," అన్నాడు రాఘవేందర్. "మీ ఆయన చేసిన పని చూడు."

బల్ల మీద రెండు పుర్రెలు పక్కపక్కన ఉన్నాయి, నున్నటిదీ కొత్తదీ. భయపడుతుందేమో అనుకున్నారు. భయపడలేదు. క్యారియర్ కింద పెట్టి, వంగి, రెంటినీ మార్చి మార్చి చూసింది. ఎవరూ చెప్పకుండానే కొత్తదాని ఎడమ చెంప మీద చూపుడువేలు పెట్టింది. వేలు మెట్టెక్కి దిగింది. ఆ చెయ్యి అలా పైకి వచ్చి తన ఎడమ చెంప మీద, కంటి కింద ఆగింది. అక్కడ కూడా ఆమె వేలు ఎక్కి దిగింది.

వరహాలు చూశాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ చెంపని అతను చూడందెప్పుడు! కానీ అక్కడ ఒక మెట్టు ఉందని ఆ క్షణం దాకా చూడలేదు.

జెనిఫర్ కూడా చూసింది. కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చింది.

"ఎన్నేళ్ళయిందమ్మా?" అంది మెల్లగా.

సాయిదుర్గ పైట సర్దుకుంది. "పదకొండేళ్ళండి. మెట్ల మీంచి పడ్డాను."

ఆ మాట అలవాటైన మాట. అడిగినవాళ్ళకల్లా అడిగినప్పుడల్లా చెప్పి నున్నగా చేసిన మాట. జెనిఫర్ ఇంకేమీ అడగలేదు. అడిగేదేమో గానీ ఈలోగా రాఘవేందర్, పాపం ఏమీ ఎరగనివాడు, నవ్వుతూ అందుకున్నాడు.

"మెట్లెక్కడియి వదినా? మీది గ్రౌండ్ ఫ్లోర్ గద! గడప సుత లేదు. మొన్న ఫ్రిజ్ దించనీకి నేనే వస్తి."

ఎవరూ నవ్వలేదు. రాఘవేందర్ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి, కాసేపటికి చాయ్ చెప్పొస్తానంటూ బయటికి వెళ్ళిపోయాడు. సాయిదుర్గ "గిన్నెలు సాయంత్రం తెచ్చీండి" అని చెప్పి మెట్లు… కాదు, మెట్లు ఆ దుకాణానికీ లేవు, రోడ్డు దాటి వెళ్ళిపోయింది. వరహాలు ఆ మధ్యాహ్నం క్యారియర్ విప్పలేదు.

చాయ్ దుకాణం దగ్గర రాఘవేందర్ ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. పుర్రె సంగతీ, అన్న చేసిన పొరపాటూ అక్కడ సగం గల్లీకి చెప్పాడు. ఆ మాట చేరవలసినవాళ్ళకి చేరనే చేరింది.

శనివారం, రాఘవేందర్ భోజనానికి వెళ్ళిన వేళ, దుకాణంలోకి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై అయిదేళ్ళుంటాయి. తెల్ల లాల్చీ, బలమైన మెడ, చేతికి వెండి కడియం.

"నువ్వేనా వరహాలు? కూసో తమ్మీ, కూసో. నేను భద్రయ్యను. కిషన్ నా కొడుకు."

కోర్టుకి పంపడానికి పెట్టెలో సర్దబోతున్న రెండో పుర్రె వరహాలు చేతిలో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గదేనా నా కోడలు?" భద్రయ్య కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తడి ఉంది. "బంగారం లెక్క ఉండె. పడ్డది, ఏం జేస్తం. నా కొడుకు జైల్ల పడ్డడు. తమ్మీ, నిన్ను అబద్ధం చెప్పుమంటలేను. మొదాలు నువ్వే అన్నవట గద, అది మెషీన్ తప్పని? అనే గద అరగదీస్తివి? గా మాటనే కోర్టుల చెప్పు. నీ నోట్లెకెళ్ళి వచ్చిన మాటనే."

వరహాలు నేల చూశాడు. ఆ మాట నిజమే మరి. తను అన్నదే.

"పెండ్లాన్ని ఒక్క దెబ్బ కొట్టని మొగోడు ఉంటడా లోకంల?" భద్రయ్య ముందుకి వంగాడు. "నువ్వు కొట్టవా?"

వరహాలు స్టూలు మీద వెనక్కి జరిగాడు.

"సూసినవా! మనం మనం ఒకటే. ఒక్క దెబ్బకు మనిషి చస్తదా? చావదు. మీ ఇంట్ల చచ్చిందా? గట్లనే ఇదీ."

ఆ "మనం" అన్న మాట మొన్నటిదాకా అయితే వరహాలుకి ఊరట కలిగించేది. ఇవాళ కాదు. బొటనవేలు దానంతటదే పుర్రె చెంప మీదికి పోయింది.

"రెండోసారి చేసినా అక్కడే ఉందండి," అన్నాడు.

"ఏందీ?"

"పక్కకి తిప్పి చేసినాం. అయినా అక్కడే ఉంది. మెషీను తప్పు కాదండి అది."

దెబ్బ ఎప్పుడు లేచిందో కనబడలేదు. కడియం ఉన్న కుడి చెయ్యి వచ్చి ఎడమ చెంప మీద పడింది. వరహాలు స్టూలు మీంచి బల్ల కిందికి పడ్డాడు. చెవిలో గుయ్‌మని మోత. నోట్లో ఉప్పగా రక్తం, లోపలి బుగ్గ పంటి కింద తెగింది. పుర్రెని మాత్రం వదల్లేదు, కడుపుకి అదిమి పట్టుకున్నాడు. భద్రయ్య వంగి, కాలర్ పట్టి లేపి, రెండోది కూడా అక్కడే కొట్టాడు. అదే చోట. మొదటిదాని మంట తగ్గకముందే రెండోది పడితే ఎలా ఉంటుందో వరహాలుకి నలభై ఆరేళ్ళకి తెలిసింది.

"మెషీన్ తప్పే," అన్నాడు భద్రయ్య ఆయాసపడుతూ. "సోమవారం గదే చెప్తవ్. లేకుంటే ఈ గల్లీల నీ కాళ్ళ మీద నువ్వు నడువవు. సమజైందా?"

కోపిష్టి మనిషి కదా మన వరహాలు! లేచి ఒక్కటైనా తిరిగి కొట్టాలి. కనీసం నోరైనా చేసుకోవాలి.

"అలాగేనండి," అన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి చెంప పొంగి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. సాయిదుర్గ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసింది. తొందరపడలేదు. చేతిలో ఉన్న కాయ ఈనె తీసి, తుంచి, గిన్నెలో వేసింది.

"ఏటది? మెట్ల మీంచి పడ్డారేటి?"

వరహాలు చెయ్యి లేచింది. ఆలోచన అక్కర్లేని చెయ్యి, ఇన్నేళ్ళుగా దారి తెలిసిన చెయ్యి, భుజం ఎత్తుకి లేచింది. సాయిదుర్గ అరవలేదు, లేచి పోలేదు. ఎడమ చెంప లోపలికి తిప్పుకుని, భుజం పైకెత్తి చెంపకి అడ్డం పెట్టింది. కళ్ళు మూసుకోవడం కూడా లేదు. అలవాటైన పని చేసినట్టు చేసింది. జాకెట్టు పక్కకి జరిగి, ఆ భుజం మీద గురువారం నాటి క్యారియర్ అంచు గుండ్రంగా నల్లగా కనిపించింది.

భుజం అడ్డం పెట్టింది ఎవరు అని తను అనుకున్న మాట అతనికి గుర్తొచ్చింది. చెయ్యి దింపుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియక ఆమె ఎదురుగా గచ్చు మీద కూలబడ్డాడు.

"ఆ చచ్చిపోయినమ్మాయి మావగారు వచ్చాడు దుకాణానికి," అన్నాడు. "సోమారం కోర్టులో మెషీను తప్పని చెప్పమన్నాడు."

"ఏటన్నారు మీరు?"

"అలాగేనండి అన్నాను."

సాయిదుర్గ గిన్నె తీసుకుని లేచింది. వంటింట్లోకి వెళ్తూ, వెనక్కి తిరక్కుండా అంది. "సోమారం నానూ వస్తాను కోర్టుకి."

వరహాలు గచ్చు మీద పడ్డ చిక్కుడు ఈనెలు ఏరసాగాడు.

కోర్టు హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప గాలి లేదు. జడ్జిగారి బల్ల మీద రెండు పుర్రెలు పెట్టారు. జెనిఫర్ ముందు సాక్ష్యం చెప్పి దిగింది. బోనులో కిషన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వరహాలు చూపు అతని కుడి చేతి మీదికి పోయింది. మామూలు చెయ్యి, తన చెయ్యి లాంటిదే. రెండో బెంచీలో భద్రయ్య కడియం తిప్పుకుంటూ కూర్చున్నాడు. చివరి బెంచీ మూల సాయిదుర్గ, ఒళ్ళో సంచి.

ప్రభుత్వ లాయరు అడిగినవాటికి వరహాలు జవాబులు చెప్పాడు. టైపిస్టు టకటకా కొట్టుకుంటూ పోయింది. తర్వాత కిషన్ తరఫు లాయరు లేచాడు. నవ్వు మొహం, నున్నటి గొంతు.

"వరహాలుగారూ, మొదటి నమూనా మీద ఎత్తుపల్లాలు కనిపిస్తే మీరేం చేశారు?"

"అరగదీశానండి. పుట్టీ పెట్టాను."

"ఎందుకు?"

"మెషీను తప్పనుకున్నానండి."

"ఇరవై ఏళ్ళకి పైగా చేయి తిరిగిన పనివారు మీరు. మీ చేతికే అది మెషీను తప్పుగా తగిలింది. అంతేనా?"

"అంతేనండి."

లాయరు జడ్జి వైపు చూసి తలూపాడు. భద్రయ్య వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. అక్కడితో ఆగితే లాయరుకి కావలసింది దొరికేది. వరహాలు గండం కూడా గడిచేది. అడిగినదానికి చెప్పాడు, చెప్పింది అబద్ధం కాదు, గల్లీలో తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ ఇంటికి పోయేవాడు.

"కానీ రెండోసారి పక్కకి తిప్పి చేసినా అది అక్కడే ఉందండి," అన్నాడు వరహాలు. "మెషీను తప్పు అలా ఉండదండి. చోటు మారుతుంది. అది ఎముకేనండి."

లాయరు నవ్వు తగ్గించలేదు.

"ఓహో, ఎముకల సంగతి కూడా తెలుసన్నమాట! మీరు డాక్టరా?"

"కాదండి."

"చెంప ఎముక విరిగి అతుక్కుంటే ఎలా ఉంటుందో బతికున్న మనిషికి ఎప్పుడైనా చూశారా మీరు?"

వరహాలు సాక్షి బోను కర్ర పట్టుకున్నాడు. భద్రయ్యని చూడలేదు. చివరి బెంచీ వైపు కూడా చూడలేకపోయాడు.

"చూశానండి."

"ఎక్కడ?"

"మా ఇంట్లోనండి. మా ఆవిడకి."

లాయరు ఒక్క క్షణం ఆగాడు. ఆగినవాడు ఆగినట్టే కూర్చోవలసింది, కానీ నోటిదాకా వచ్చిన మాట ఆపబుద్ధి కాలేదు. "సరే, ఆవిడ కూడా మెట్ల మీంచి పడి ఉండొచ్చు కదా?"

"మా ఇంటికి మెట్లు లేవండి," అన్నాడు వరహాలు. "ఉన్నది ఒక్కటే మెట్టు. ఆవిడ చెంప మీద. నేను కొట్టింది."

జడ్జిగారు చెయ్యెత్తారు. "చూడండి, మిమ్మల్ని ఇరికించే మాటలు మీరు చెప్పనక్కర్లేదు. ఏం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా?"

"తెలుసండి. పదకొండేళ్ళ కిందట. చేతిలో తాళాల గుత్తి ఉంది. దాంతోనే కొట్టాను. ఎందుకో గుర్తు లేదండి. ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. ఎదురుగా నిలబడి కుడి చేత్తో కొడితే అక్కడే పడుతుందండి. ఈ అమ్మాయికీ అక్కడే పడింది."

లాయరు "ఇంకేమీ లేదు" అని కూర్చున్నాడు. టైపిస్టు చివరి మాట దాకా కొట్టి, కాగితం లాగి, చదివి వినిపించింది. వరహాలు కింద సంతకం పెట్టాడు. కేసు ఎటు పోతుందో ఆ పూట తేలేది కాదు. బోనులో కిషన్ మాత్రం కట్టుకున్న చేతులు విప్పి, కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

వరహాలు వరండాలోకి వచ్చాడు. భద్రయ్య దూరంగా స్తంభం పక్కన నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆ భయం అలాగే ఉంది, కానీ దాని వెనకే ఇంకేదో తేలికగా కూడా ఉంది. ఇంత చెప్పాక సాయిదుర్గ ఏడుస్తుందనుకున్నాడు. చెయ్యి పట్టుకుంటుందేమో అని కూడా, సిగ్గు లేకుండా, అనుకున్నాడు.

ఆమె వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"మీరు చెప్పిందంతా టైపు కొట్టింది కదా ఆవిడ?"

"కొట్టింది."

"సంతకం పెట్టారా?"

"పెట్టాను."

"నకలు ఇస్తారంట. డాక్టరమ్మ చెప్పింది."

"నకలా? మనకెందుకే అది?"

"మనకి కాదు, నాకు," అంది సాయిదుర్గ. "మళ్ళీ పడితే కావాలి కదా."

నకళ్ళ గది వరండా చివర. కిటికీ వెనక గుమాస్తా ఒక ఫారం తోశాడు. కేసు నంబరు, తేదీ, సాక్షి పేరు ఆమె ఒక్కొక్కటీ అడిగి రాసింది. పెన్ను గట్టిగా పట్టుకుని, ఒత్తి రాసింది. గుమాస్తా ఫారం తిప్పి చూశాడు.

"అమ్మా, నీ పేరు ఈ కేసుల లేదు. కేసుకు సంబంధం లేనోళ్ళు తీసుకోవాలంటే కారణం రాయాలె. ఇగో, గీడ."

వరహాలు ముందుకొచ్చాడు. "సొంత అవసరానికి అని రాసీ," అన్నాడు నెమ్మదిగా.

సాయిదుర్గ అతని మాట వినిపించుకోలేదు. కాసేపు ఆలోచించి, గీత మీద వంకర పోకుండా రాసింది. గుమాస్తా కళ్ళద్దాలు సర్దుకుని పైకే చదివాడు.

"సాక్షి చెప్పిన భార్యను నేనే."

అతను తలెత్తి ఆమె చెంప చూశాడు. తర్వాత ఆమె వెనక నిలబడిన వరహాలుని, అతని వాచిన చెంపనీ చూశాడు. ముద్ర వేసి, రసీదు చించాడు. వరహాలు అలవాటుగా చెయ్యి చాచాడు. రసీదు ఆ చేతి పక్కనుంచి సాయిదుర్గ చేతిలోకి వెళ్ళింది. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి తన పర్సులో వేసి జిప్పు లాగింది.

"గురువారం రాండ్రి," అన్నాడు గుమాస్తా. "ఎవరొస్తరు?"

"నేనే వస్తాను," అంది సాయిదుర్గ.